గ్రాంటమ్మ ఎక్కిన రైలు

మా పాసింజరు బండి ఏనాడూ వేళకు రాదు. ఇది కడుపుమంటతో అంటున్న మాట కాదు, ప్రభుత్వానికి నా చేత్తో రాసిచ్చిన మాట. రెండు నగరాల మధ్య తిరిగే ప్రయాణికుల రైళ్ళను బాగుచెయ్యడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందని, కావలసినవాళ్ళు ఎందుకు కావాలో రాసి పంపుకోవాలని మా రైల్వే ఆఫీసుకు కబురొచ్చింది. ఎవరు రాస్తారని అడిగేసరికి ఎక్కడివాళ్ళక్కడ ఫైళ్ళలో తల దూర్చేశారు. ప్లానింగు సెక్షనులో ఓ మూల కూర్చునే నేను చెయ్యెత్తాను. కడుపుమంట లేదన్నాను కానీ, ఉంది. ఎందుకుండదు?

మా ఆయనా కూతురూ ఈ లైనుకు ఆ చివర ఉంటారు, నేను ఈ చివర ఉంటాను. మా ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. అద్దాలు అరగదీసే యంత్రాలనూ, ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ ఖాతాదారులనూ మూటగట్టుకుని ఆయన ఇటు రాలేడు. రైల్వే ఆఫీసును చంకనపెట్టుకుని నేను అటు పోలేను. సరిగ్గా నడిస్తే గంటన్నర ప్రయాణం, రోజూ వెళ్ళి రావచ్చు. మా బండి దానికి నాలుగు గంటలు తీసుకుంటుంది. అందుకని వారమంతా ఆఫీసు వెనక వీధిలో అద్దెగదిలో పడుంటాను. శనివారం సాయంత్రం బండెక్కి ఇంటికి చేరేసరికి పాప నిద్రపోతూ ఉంటుంది. ఆదివారం ఒక్కరోజు దాన్ని కళ్ళారా చూసుకుని, సోమవారం అది లేవకముందే మళ్ళీ బండెక్కుతాను. దానికి నాలుగేళ్ళు నిండాయి. ఈ గ్రాంటు రాకపోతే ఉద్యోగం మానేస్తానని మా ఆయనతో చెప్పేశాను. ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. ఈ ఉద్యోగమంటే నాకు ఎంత ప్రాణమో ఆయనకు తెలుసు.

బండి ఎందుకు ఆలస్యమవుతుందన్నది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఉన్నది ఒకటే లైను. ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తే ఏదో ఒకటి స్టేషనులో పక్కలైనులోకి తప్పుకోవాలి. మా పక్కలైన్లు పొట్టివి, గూడ్సు బళ్ళు పొడుగువి. గూడ్సు అందులో పట్టదు. కాబట్టి ఎప్పుడు చూసినా తప్పుకుని నిలబడేది మా పాసింజరే, పెళ్ళివారింట్లో పేదచుట్టంలా. ఆ పక్కలైన్లను పొడిగించి, సిగ్నళ్ళు మార్చారంటే ఇకమీదట గూడ్సు తప్పుకుంటుంది, మేం దర్జాగా వెళ్ళిపోతాం. ఇదంతా వివరంగా రాశాను. చిరిగిన సీట్లు, తిరగని ఫ్యాన్లు, కిక్కిరిసిన పెట్టెలు, దేన్నీ వదల్లేదు.

దరఖాస్తు వాళ్ళకు నచ్చినట్టుంది. గ్రాంటు ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చి, ఆ బండిలోనే ప్రయాణం చేసి, కళ్ళతో చూశాక ఏ సంగతైనా తేలుస్తుందని కబురు పెట్టారు. ఆవిడ మొహం చూడకముందే మావాళ్ళు ఆవిడకు గ్రాంటమ్మ అని పేరు పెట్టేశారు.

అక్కడే నాకు భయం పట్టుకుంది. మావాళ్ళకు ఒక జబ్బుంది. పైఅధికారి వస్తున్నాడని తెలిస్తే చాలు, పట్టాల పక్కనున్న రాళ్ళకు సున్నం కొట్టేస్తారు. ఎందుకు కొడతారంటే ఎవరూ చెప్పలేరు. కొట్టకపోతే మాత్రం వాళ్ళకు నిద్ర పట్టదు. అందుకే ముందుగానే కాలికి బలపం కట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగాను. ఏ బండి ముందు వెళ్ళాలో, ఏది ఎక్కడ ఆగాలో గదిలో కూర్చుని నడిపించే కంట్రోలరుకు చెప్పాను. గార్డుకు చెప్పాను. పెట్టెలు కడిగేవాళ్ళకు చెప్పాను. చివరికి ఆ బండి డ్రైవరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మా పిన్ని భర్త, నాకు బాబాయి.

"బాబాయ్, ఆవిడ వచ్చేది మన కష్టం చూడ్డానికి. రోజూ ఎలా నడుస్తుందో అలాగే నడవాలి. ఎవరూ ఏమీ చెయ్యొద్దు."

"ఏమీ చెయ్యకపోవడం కూడా నాకు నేర్పుతావా అమ్మాయ్? నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు.

అందరూ అలాగే తలాడించారు. మావాళ్ళు తలాడించడంలో ఘనులు.

ఒక బుధవారం ఉదయం గ్రాంటమ్మను వెంటబెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను. నడివయసు మనిషి, మందపాటి కళ్ళద్దాలు. ఒక చేతిలో నా దరఖాస్తు, ఇంకో చేతిలో చిన్న దిండు. "సీట్లు చిరిగిపోయాయని రాశారు కదా, నాకు నడుంనొప్పి, అందుకని తెచ్చుకున్నాను" అంది. పాపం, ఎంత నమ్మింది నన్ను.

రాళ్ళన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. పెట్టెలోకి అడుగుపెడితే ఫినాయిలు వాసన గుప్పుమంది. సీట్లకు కొత్త కవర్లు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ కదలని ఫ్యాను, ఈదురుగాలి లేపుతూ తిరుగుతోంది. గార్డు ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని మాకు నమస్కారం పెట్టాడు. నేను పళ్ళు నూరాను. అతను దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. అంతలోనే బండి కూత వేసి కదిలింది. సరిగ్గా వేళకు.

మొదటి స్టేషను దగ్గరపడుతుంటే గ్రాంటమ్మ పెన్సిలు తీసింది.

"ఇక్కడ గూడ్సు కోసం చాలాసేపు ఆగుతుందని రాశారు."

"అవును మేడమ్."

బండి అలా ఆగి, ఇలా కదిలింది. ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను కిటికీలోంచి బయటకు చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ప్లాట్‌ఫారం మీద పిట్ట లేదు. టీ కొట్టువాడు ఇంకా పొయ్యి వెలిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"విపరీతమైన రద్దీ అని కూడా రాశారు" అంది గ్రాంటమ్మ.

అప్పటికి గానీ నాకు తట్టలేదు. ఈ లైను మీద బతికేవాళ్ళు ఎవరూ టైంటేబులు చూడరు. బండి ఎప్పుడూ ఎంత ఆలస్యంగా వస్తుందో ఆ వేళకే స్నానాలు, ఆ వేళకే వంటలు. ఆ వేళకు సంచి తగిలించుకుని తాపీగా స్టేషనుకు వస్తారు. ఇవాళ బండి వేళకు వస్తుందని వాళ్ళకు ఎవరు చెబుతారు? రెండో స్టేషనులో సగం అల్లిన జడతో ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ గేటు దాటేలోపే గార్డు పచ్చజెండా ఊపేశాడు. "ఈ బండికి ఏం పుట్టిందివాళ" అని ఆవిడ అరవడం మా కిటికీలోకి స్పష్టంగా వినిపించింది. గ్రాంటమ్మ అది కూడా రాసుకుంది.

ఇంజను నీడ పడేంత దూరంలో మా పెట్టె. మూడో స్టేషనులో బండి ఆగీ ఆగకముందే దిగి బాబాయి దగ్గరికి పరిగెత్తాను.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, కాస్త నెమ్మదిగా నడుపు. నా కొంప ముంచుతున్నావు."

బాబాయి కిందికి వంగి చూశాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. "ఎలా నెమ్మదిగా నడపనే? అటు చూడు, మళ్ళీ పచ్చ లైటే. ఈ లైను మీద వరసగా ఇన్ని పచ్చ లైట్లు నా సర్వీసులో చూడలేదు. నువ్వు చెప్పింది మర్చిపోలేదమ్మా. పొద్దున్నుంచీ ఆపుదామనే అనుకుంటున్నా. చెయ్యి రావట్లేదు."

అంత పెద్దమనిషి అలా అంటుంటే, నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేసి కంట్రోలరుకు ఫోను చేశాను. గూడ్సు బళ్ళన్నిటినీ రెండు చివరలా ఆపేశానని అతను గొప్పగా చెప్పాడు.

"నేనేం చెప్పానండీ మీకు?"

"చెప్పావులే. బయటివాళ్ళొస్తే ఇంటి గుట్టు పరిచి చూపిస్తామా ఎక్కడన్నా? మన పరువు ఏం కావాలి?"

పరువు నిలబడింది. బండి గంటన్నరకే అవతలి నగరం చేరింది. అందరూ మెచ్చుకోవలసిన సంగతే, నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. గ్రాంటమ్మ దిండు దులుపుకుని దిగింది. అది ఆవిడకు అవసరమే పడలేదు.

"చూడమ్మా," అంది మెల్లగా, "మీరు రాసినదాని ప్రకారం మనం ఇంకా సగం దారిలో ఉండాలి. బండి చక్కగా నడుస్తోంది. ఎక్కేవాళ్ళేమో లేరు. దీనికి గ్రాంటు ఇవ్వమని నేను పైవాళ్ళకు ఏ మొహంతో చెప్పను?"

నిజం చెప్పాలంటే మావాళ్ళందరినీ పట్టిచ్చినట్టవుతుంది. చెప్పకపోతే నేను అబద్ధాలకోరును. ఆఖరికి, "ఇక్కడి స్టేషను మాస్టరుతో మీకు మీటింగు ఉంది మేడమ్, ఆయన కూడా చెబుతారు" అన్నాను. స్టేషను మాస్టరు గది తాళం వేసి ఉంది. భోజనానికి ఇంటికి వెళ్ళాడని, బండి వచ్చే వేళకు వస్తాడని గది ముందు కూర్చున్న ప్యూను చెప్పాడు.

"బండి వచ్చేసింది కదా" అంది గ్రాంటమ్మ.

ప్యూను ఆవిడను జాలిగా చూశాడు. "టైంటేబులు వేళకు కాదమ్మా. వచ్చే వేళకు."

గ్రాంటమ్మ కనుబొమలు పైకి లేచాయి. కాస్సేపు అటూ ఇటూ పచార్లు చేసి, "అయితే ఇప్పుడేం చేద్దాం" అంది.

నేను గడియారం వైపు చూశాను. చిన్నపిల్లల బడి వదిలే వేళ. ఆ బడి స్టేషను వెనక రెండో వీధిలోనే ఉంది. ఇన్నాళ్ళలో నేను ఆ గేటు ముందు ఒక్కసారి కూడా నిలబడలేదు. ఎలాగూ మునిగాను, ఇంక చలేమిటి అనిపించింది.

"మేడమ్, మా పాప బడి ఇక్కడే. ఒక్క పావుగంట వెళ్ళి రానా?"

"నేనూ వస్తాను పదండి. ఇక్కడ కూర్చుంటే నడుం పట్టేస్తుంది."

సైకిళ్ళు బాగుచేసే షెడ్డు దాటి, కుట్టుమిషన్లు టకటకలాడే వరండా దాటి, బడి గేటు దగ్గరికి చేరాం. మా అత్తగారు అప్పటికే అక్కడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"ఏమైందే? ఉద్యోగంలోంచి తీసేశారా?"

"ఇంకా లేదత్తయ్యా" అన్నాను.

గంట మోగింది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. అందరికంటే వెనకాల, ఒక చెప్పు కాలికి, ఇంకొకటి చేతిలో పట్టుకుని మా పాప వచ్చింది. నన్ను చూసింది. పరిగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంటుందని చేతులు చాచాను. అది రాలేదు. అక్కడే ఆగి నన్నూ, నాయనమ్మనూ, గేటునూ మార్చి మార్చి చూసింది.

"అమ్మా, ఇవాళ ఆదివారమా?"

"కాదురా బంగారం. బుధవారం."

"మరి నువ్వు వచ్చావు కదా."

అంటూనే అది ఒక నిర్ణయానికి వచ్చేసింది. వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ టీచరుతో నిష్ఠూరంగా, "టీచర్, ఇవాళ ఆదివారం. మీరు మర్చిపోయి బడి పెట్టేశారు" అంది.

టీచరు నవ్వింది. అత్తగారు నవ్వింది. నేనూ నవ్వబోయాను, నవ్వు సగంలో ఏడుపైంది. పాపను ఎత్తుకుని దాని మెడలో మొహం దాచుకున్నాను. సుద్దముక్కల వాసన, చెమట వాసన. బుధవారం మధ్యాహ్నం నా కూతురు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. గ్రాంటు పోతే పోనీ, ఉద్యోగం పోతే పోనీ, ఈ పూట నాది అనుకున్నాను. గ్రాంటమ్మ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంటూ నిలబడింది.

"వారానికోసారి వస్తారా ఇంటికి?" అని అడిగింది, పాపను ఎత్తుకుని నేను స్టేషనుకు తిరిగి వస్తుంటే.

"ఆదివారాలే మేడమ్. బండి గంటన్నరలో వస్తే రోజూ వస్తాను."

"ఇవాళ గంటన్నరలోనే వచ్చింది కదా?"

ఇంక దాచి లాభం లేదు. గూడ్సులు ఆపేసిన సంగతి, సున్నం సంగతి, ఫ్యాను సంగతి, పరువు సంగతి మొత్తం కక్కేశాను. బాబాయి పచ్చ లైట్ల గురించి అన్నది కూడా చెప్పాను. ఆవిడ వింటూ నడిచింది.

స్టేషనుకు చేరేసరికి తిరుగు బండి బయల్దేరే వేళ దాటిపోయింది. బండి మాత్రం ప్లాట్‌ఫారానికి అతుక్కుపోయినట్టు అక్కడే ఉంది. బాబాయి ఇంజను పక్కన చేతులు కట్టుకుని ఎర్ర లైటు వైపు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. కంట్రోలరుకు ఫోను చేస్తే, పొద్దున అతని గొంతులో ఉన్న దర్జా ఏమీ లేదు.

"ఆపిన గూడ్సులన్నీ ఇప్పుడు వదలక తప్పలేదమ్మా. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తోంది. అవన్నీ అయ్యేదాకా మీ బండిని కదిలించలేను."

గ్రాంటమ్మకు చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. బెంచీ మీద దిండు వేసుకుని కూర్చుంది.

అప్పుడు మొదలయ్యారు జనం. సంచులతో, బుట్టలతో, పిల్లలతో, నింపాదిగా, ఒక్కరు కూడా తొందరపడకుండా వస్తున్నారు. కొద్దిసేపటికే నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది. మెడలో కొలత టేపు వేలాడుతున్న ఒక దర్జీ ఆవిడ గ్రాంటమ్మ పక్కన సర్దుకుని కూర్చుంది.

"బండి ఎప్పుడో వెళ్ళిపోయి ఉండాలి కదా, మీరు ఇప్పుడొస్తున్నారేం?" అని గ్రాంటమ్మ అడిగింది.

"ఇది ఇంకా చాలాసేపటికి గానీ కదలదమ్మా. మీరు ఈ లైనుకు కొత్తా?" అంది దర్జీ. అని, ఊరుకోకుండా, కొత్తవాళ్ళు ఎప్పుడు బయల్దేరాలో, ఏ స్టేషనులో ఎంతసేపు నిద్రపోవచ్చో ఓపిగ్గా నేర్పించింది. గ్రాంటమ్మ బుద్ధిగా విన్నది. వింటూ వింటూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నడుం పట్టుకుని నవ్వింది. పెన్సిలు కింద పడిపోతే వెతికి తీసిచ్చాను.

ఇంటికి వెళ్ళిన అత్తగారి వల్ల సంగతి తెలిసి మా ఆయన దుకాణం మూసేసి వచ్చాడు. వెనకాలే మా అత్తగారు భోజనం డబ్బాతో వచ్చి, "మీరు ఆకలితో కూర్చుంటే మాకు మర్యాదా" అంటూ గ్రాంటమ్మ చేతిలో గిన్నె పెట్టేసింది. మా ఆయన ఆవిడ కళ్ళద్దాలు అడిగి తీసుకుని, వదులైన మర బిగించి ఇచ్చాడు. గూడ్సు బండి ఒకటి దడదడమంటూ వెళుతుంటే పాప నా ఒళ్ళో నిలబడి పెట్టెలు లెక్కపెట్టింది. దానికి వచ్చిన అంకెలు అయిపోయాయి, గూడ్సు అవలేదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇంత సంతోషంగా నేను ఏ రైలు కోసమూ ఎదురుచూడలేదు.

ఎట్టకేలకు పచ్చ లైటు పడింది. గ్రాంటమ్మ ఎక్కబోతూ ఆగింది.

"మాట ఇవ్వడానికి నాకు అధికారం లేదు. రాయడానికి ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఉన్న కష్టం చూపిస్తారు, అది పోతే ఎలా ఉంటుందో ఎవరూ చూపించరు. మీవాళ్ళు పొద్దున అది చూపించారు. తెలిసి చెయ్యలేదనుకోండి." పాప బుగ్గ గిల్లి, "మీరు ఈ రాత్రికి ఉండిపోండి. నేను దారి తప్పనులే, దర్జీ గారు ఉన్నారుగా" అంది.

గ్రాంటు వచ్చింది. ఆ కబురు విని కంట్రోలరు అదంతా తన చలవేనని ఆఫీసంతా చెప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ కాదనలేకపోయాను. పక్కలైన్లు పొడుగయ్యాయి, సిగ్నళ్ళు మారాయి. బాగుచేసిన లైను మీద మొదటి బండిని బాబాయే నడిపాడు. గూడ్సు బండి పక్కకు తప్పుకుని నిలబడి ఉంటే, దాని పక్కనుంచి వెళుతూ అవసరం లేకపోయినా పొడుగ్గా కూత వేశాడట. జనం మాత్రం కొన్నాళ్ళు బండి తప్పిపోయి మమ్మల్ని తెగ తిట్టారు. మెల్లగా అలవాటుపడ్డారు.

అద్దెగది ఖాళీ చేసేశాను. మొదట్లో నేను సాయంత్రం గుమ్మంలో కాలు పెట్టగానే ఇంట్లో ఒకటే హడావిడి. అత్తగారు మంచినీళ్ళు తెచ్చేది, మా ఆయన సంచి అందుకునేవాడు, పాప వీధి చివరిదాకా ఎదురొచ్చేది. ఆదివారం చుట్టానికి చేసే మర్యాదలన్నీ రోజూ చేశారు. అది ఎన్నాళ్ళని సాగుతుంది? నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు పక్కింటావిడతో కబుర్లలో ఉంది. మా ఆయన ఎవరి కళ్ళజోడో విప్పదీసి కూర్చున్నాడు. పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేస్తోంది. ఎవరూ తలెత్తలేదు.

"అమ్మా, తలుపెయ్యి. కాగితాలు ఎగిరిపోతున్నాయి" అంది పాప, రంగు పెన్సిలు ఆపకుండానే.

తలుపేసి, చెప్పులు విడిచి, దాని పక్కన నేల మీద కూర్చున్నాను.